పాత క్యాంపర్ బండికి ఇంజిన్ మార్చాలా? ముందు అది ఎందుకు పాడైందో తేల్చండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. బండి 1987 ఫోక్స్‌వ్యాగన్ టీ3 క్యాంపర్. 1.9 లీటర్ల పెట్రోలు ఇంజిన్, వెనకవైపు పడుకోబెట్టి ఉండే, నీళ్ళతో చల్లబడే నాలుగు సిలిండర్ల వాటర్‌బాక్సర్. 800 కిలోమీటర్లకు లీటరు ఆయిల్ పోతోంది. పొద్దున స్టార్ట్ చేయగానే నీలిపొగ వస్తోంది. ఎత్తు ఎక్కేటప్పుడు టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది. రెండు వారాలకోసారి కూలెంట్ పోయాల్సి వస్తోంది. మెకానిక్ చూసి "ఇంజిన్ బోరుకొచ్చింది, మార్చేయండి" అన్నాడు, అంటే సిలిండర్ల లోపలి గోడలు అరిగిపోయాయని. ఏడాదికి నాలుగైదు వేల కిలోమీటర్లు పిల్లలతో తిరుగుతారు, బండి అమ్మే ఉద్దేశం లేదు. ఉన్న ఇంజిన్‌నే కట్టించాలా, అదే రకం పాత ఇంజిన్ తెచ్చి పెట్టాలా, సుబారు ఇంజిన్‌కి మారాలా అని అడుగుతున్నారు.

ఈ మూడింటిలో ఏదీ ఇవాళ తేల్చకండి. మీరు రాసిన లక్షణాల్లో ఇంజిన్ పూర్తిగా పోయిందని చెప్పే రుజువు ఒక్కటి కూడా లేదు. ఇరవై ఏళ్ళకు పైగా ఇలాంటి బళ్ళతోనే ఉన్నాను. నా సొంత బళ్ళకు, దగ్గరి స్నేహితుల బళ్ళకు కలిపి ఐదు ఇంజిన్లు మార్చాం. అందులో రెండు అసలు మార్చాల్సిన అవసరమే లేనివి. ఆ సంగతి ఇంజిన్ విప్పి బల్లమీద పెట్టాక తెలిసింది. అప్పటికి డబ్బు ఖర్చయిపోయింది. మీకు అలా జరగకూడదనే ఇంత పొడుగు రాస్తున్నాను.

ఇంజిన్ కన్నా ముందు బండి బాడీ చూడాలి. ఇంజిన్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు, బాడీని మార్చలేం. టార్చిలైటు, పాత స్క్రూడ్రైవరు, చిన్న అయస్కాంతం పట్టుకుని ఒక పూట కూర్చోండి. టీ3లో రేకులు కలిసే అతుకుల్లో వేసిన సీలెంట్ ఏళ్ళు గడిచేకొద్దీ గట్టిపడి పగులుతుంది. ఆ పగుల్లోకి నీళ్ళు దిగి, పెయింటు కింద నుంచి తుప్పు లేస్తుంది. అతుకుల వెంబడి పెయింటు ఉబ్బిందేమో వేలితో తడిమి చూడండి. అయస్కాంతం పట్టుకోకుండా జారిపోయే చోట కింద పుట్టీ ఉందని లెక్క. క్యాంపర్ కాబట్టి మామూలు వ్యాన్‌లో లేని చోట్లు కూడా ఉంటాయి. సింకు కింద, ఫ్రిజ్ గాలి రంధ్రం వెనక, పైకి లేచే కప్పు అంచు చుట్టూ, మంచం కింది పలకల వెనక చూడాలి. ఆ పలకలు ఒకటి రెండు విప్పితేనే నిజం తెలుస్తుంది. ముందు సీటు కింద బ్యాటరీ పెట్టే తట్ట మరీ ముఖ్యం, యాసిడ్ కారి అక్కడ నేలరేకు జల్లెడ అయిపోయి ఉంటుంది. ఆ తర్వాత బండి కిందికి దూరి జాకీ పెట్టే చోట్లు, సస్పెన్షన్ బిగించిన చోట్లు స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడవండి. సస్పెన్షన్ దగ్గర స్క్రూడ్రైవరు లోపలికి దిగిందంటే మీ డబ్బు ముందు వెల్డింగ్‌కే పోవాలి. ఆ స్థితిలో ఉన్న బండికి కొత్త ఇంజిన్ పెట్టమని నేనైతే ఎవరికీ చెప్పను, ఎంత ప్రేమ ఉన్న బండైనా సరే.

బాడీ గట్టిగా ఉందనుకుందాం. ఇప్పుడు ఇంజిన్.

మొదటి సంగతి, ఆయిల్‌ని ఇంజిన్ తాగుతోందా (లోపల కాల్చేస్తోందా), బయటికి కారుస్తోందా? రెండూ ఒకటి కాదు. వాటర్‌బాక్సర్‌లో వాల్వుల్ని తెరిపించే కడ్డీలు, అంటే పుష్‌రాడ్లు, వెళ్ళే గొట్టాలు ఇంజిన్ అడుగున బయటికే కనిపిస్తాయి. వాటి చివర రబ్బరు సీళ్ళు ఎండిపోతే ఆయిల్ కారుతుంది. క్లచ్ వైపు క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) సీలు నుంచీ కారుతుంది. రాత్రి ఇంజిన్ కింద పెద్ద అట్టముక్క పరిచి, పొద్దున మరకలు ఎక్కడెక్కడ పడ్డాయో చూడండి. బండి నడుస్తున్నప్పుడు కారేది ఇంకా ఎక్కువ ఉంటుంది, అందుకే ఇంజిన్ అడుగు శుభ్రంగా కడిగి, వంద కిలోమీటర్లు తిరిగి వచ్చి మళ్ళీ చూడండి. పైగా 800 కిలోమీటర్లకు లీటరు అనేది ఎక్కువే కానీ భయపడాల్సినంత కాదు. వెయ్యి కిలోమీటర్లకు లీటరు వరకు మామూలే అని ఆ కాలపు చాలా బళ్ళ పుస్తకాల్లోనే రాసి ఉంటుంది. అందులో సగం కారుతున్నదైతే మీ ఇంజిన్ తాగేది తక్కువే.

రెండోది, ఆ పొద్దుటి నీలిపొగ. నిలువుగా ఉండే ఇంజిన్‌లో ఇది ఒక గుర్తు, పడుకున్న ఇంజిన్‌లో ఇంకో గుర్తు. వాటర్‌బాక్సర్ సిలిండర్లు అడ్డంగా పడుకుని ఉంటాయి కాబట్టి బండి ఆగి ఉన్నప్పుడు కొంచెం ఆయిల్ పిస్టన్ చుట్టూ ఉండే రింగుల మీదుగా జారి లోపలికి చేరుతుంది. స్టార్ట్ చేయగానే అది కాలి, నీలిపొగ ఒక నిమిషం వచ్చి పోతుంది. నెలల తరబడి ఆగి ఉండే క్యాంపర్లలో ఇది మరీ మామూలు. వేడెక్కాక ఎత్తులో గట్టిగా తొక్కినప్పుడు అద్దంలో నీలిపొగ కనిపిస్తోందా అన్నదే అసలు ప్రశ్న. కనిపిస్తే రింగులు, బోరు అరిగాయన్న అనుమానం నిజమవుతుంది. దిగుడులో కాలు తీసేసి, మళ్ళీ తొక్కిన క్షణంలో మాత్రమే ఒక గుప్పు వస్తే వాల్వ్ గైడ్లు, సీళ్ళ వైపు చూడాలి. అది హెడ్ (సిలిండర్ల కొసన వాల్వులుండే మూత) పని, ఇంజిన్ మార్చే పని కాదు. అలాగే చాలాకాలం ఆగి స్టార్ట్ చేసినప్పుడు టకటకమనే చప్పుడుకూ బెదరకండి. ఈ ఇంజిన్‌లో హైడ్రాలిక్ ట్యాపెట్లు, వాటిలోంచి ఆయిల్ దిగిపోతే మళ్ళీ నిండే వరకు చప్పుడు చేస్తాయి.

ఇక కొలతలు. మెకానిక్ ఇంజిన్ బోరుకొచ్చిందన్నాడంటే ఏ అంకె చూసి అన్నాడో అడగండి. గేజి పెట్టకుండా చెవితో విని చెప్పినదైతే ఆ మాట పక్కన పెట్టండి. ఆయన అనుభవాన్ని తక్కువ చేయడం లేదు. ఇంత ఖర్చు పెట్టించే నిర్ణయానికి అంకెలు ఉండి తీరాలి.

సిలిండర్ గాలిని ఎంత ఒత్తిడికి నొక్కగలుగుతోందో చూసేది కంప్రెషన్ పరీక్ష. అది ఇలా చేయాలి. ఇంజిన్ బాగా వేడెక్కి ఉండాలి, బ్యాటరీ నిండా ఛార్జి ఉండాలి. నాలుగు ప్లగ్గులూ తీసేయాలి. ఇగ్నిషన్‌కి, పెట్రోలుకి అడ్డు పెట్టాలి. ఒకరు లోపల కూర్చుని యాక్సిలరేటర్ నేలదాకా తొక్కి పట్టుకోవాలి. ఒక్కో సిలిండర్‌కి గేజి బిగించి ఐదారు తిప్పులు తిరిగేదాకా సెల్ఫ్ కొట్టాలి. యాక్సిలరేటర్ తొక్కకుండా సెల్ఫ్ కొడితే గాలి లోపలికి సరిగా పోదు, అంకెలన్నీ తక్కువ వస్తాయి. దిగిపోయిన బ్యాటరీతో చేసినా అంతే. ఈ రెండు పొరపాట్ల వల్లే బాగున్న ఇంజిన్లకు కూడా మరణశిక్ష పడుతుంటుంది. మీ ఇంజిన్‌కి 10 నుంచి 13 బార్ దాకా వస్తే బాగున్నట్టు. 8 కన్నా దిగితే అరిగినట్టు. సిలిండర్‌కీ సిలిండర్‌కీ తేడా 3 బార్ దాటకూడదు. నాలుగూ 9 దగ్గర సమానంగా ఉన్న ఇంజిన్, మూడు 12 ఉండి ఒకటి 6 ఉన్న ఇంజిన్ కన్నా మేలు. మొదటిది వయసైన ఇంజిన్. రెండోదానిలో ఏదో ఒక చోట పాడైంది.

తక్కువ వచ్చిన సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ కొట్టి, అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు అని అందరూ చెప్తారు. నిలువు ఇంజిన్‌లో అది నిజమే. పడుకున్న ఇంజిన్‌లో పోసిన ఆయిల్ సిలిండర్ కిందిగోడ మీదే ఉండిపోతుంది, రింగు చుట్టూ పాకదు. అందుకని మీ బండికి ఆ చిట్కాను నమ్మకండి. దానికి బదులు లీక్‌డౌన్ పరీక్ష చేయించండి. పిస్టన్‌ని పై కొసకు తెచ్చి, రెండు వాల్వులూ మూసి ఉండగా ప్లగ్గు రంధ్రంలోంచి కంప్రెసర్ గాలి ఎక్కించి, ఎంత శాతం తప్పించుకుంటోందో చూస్తారు. పది శాతం లోపు ఉంటే చాలా మంచి ఇంజిన్. పాతిక దాటితే పని ఉంది. అంకె కన్నా ముఖ్యం, గాలి ఎక్కడ నుంచి బయటికి వస్తోందన్నది. ఆయిల్ పోసే మూత దగ్గర బుసబుసమంటే రింగులు. కార్బురేటర్‌లో వినిపిస్తే ఇన్లెట్ వాల్వు. సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు. కూలెంట్ డబ్బాలో బుడగలు లేస్తే హెడ్ దగ్గర.

ఈ పరీక్ష విలువ నాకు ఒక స్నేహితుడి బండి దగ్గర తెలిసింది. మూడు సిలిండర్లు 11 చూపిస్తున్నాయి, నాలుగోది 4. అతనికి రెండు చోట్ల ఇంజిన్ మార్చమనే చెప్పారు. గాలి ఎక్కించి నేను బండి వెనక మోకాళ్ళ మీద కూర్చుని సైలెన్సర్ గొట్టానికి చెవి పెట్టాను. పాము బుసకొట్టినట్టు సన్నగా, ఆగకుండా వినిపించింది. ఒక్క ఎగ్జాస్ట్ వాల్వు అంచు కాలిపోయింది, అంతే. ఆ వైపు హెడ్ దింపి వాల్వు, గైడు వేయించాడు. ఆ కింది భాగంతోనే (క్రాంక్, బేరింగులు, పిస్టన్లు ఉండే భాగం) ఇప్పటికి ఆరేళ్ళుగా తిరుగుతున్నాడు.

తర్వాత ఆయిల్ ప్రెషర్. డ్యాష్‌బోర్డులో ఎర్రలైటు వెలగడం లేదు కదా అని సరిపెట్టుకోకండి, ఆ లైటు స్విచ్ సుమారు 0.3 బార్ దగ్గరే ఆరిపోతుంది. అది అలారమే తప్ప కొలత కాదు. స్విచ్ తీసేసి ఆ రంధ్రంలో ముల్లు గేజి బిగించి చూడాలి. ఆయిల్ 80 డిగ్రీల వేడిలో ఉండగా 2000 ఆర్‌పీఎమ్ దగ్గర కనీసం 2 బార్ ఉండాలి. చల్లగా ఉన్నప్పుడు ఏ ఇంజిన్ అయినా బాగానే చూపిస్తుంది, కాబట్టి అరగంట తిరిగి వచ్చాకే కొలవండి.

ఇంకొకటి మీ చేతులతోనే చూడొచ్చు. ఇంజిన్ ఆపి, క్రాంక్ పుల్లీని రెండు చేతులతో పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగి తోయండి. కదలిక చేతికి తెలియనట్టే ఉండాలి. ఈ ఇంజిన్లలో ఆ ఆట 0.07 నుంచి 0.13 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి, 0.15 దాటితే అరుగుదల హద్దు దాటినట్టు. డయల్ గేజి పెట్టి కొలిస్తే కచ్చితంగా తెలుస్తుంది. అది లేకపోయినా "టక్" మని చప్పుడు వినిపిస్తే కింద పని ఉందని అనుకోవచ్చు. కంప్రెషన్ బాగుండి, ఆయిల్ ప్రెషర్ బాగుండి, ఈ ఆట హద్దులో ఉంటే మీ ఇంజిన్ కింది భాగం బతికే ఉంది. అప్పుడు దాన్ని పారేయడం అన్యాయం.

మీటరు మీద కనిపించే కిలోమీటర్ల లెక్క మీద మాత్రం ఏ నిర్ణయమూ తీసుకోకండి. ఆ కాలపు చాలా బళ్ళలో ఐదంకెల మీటరే ఉండేది. 99,999 దాటగానే మళ్ళీ సున్నాకు వచ్చేస్తుంది.

ఇక మీ బండి అసలు రోగం దగ్గరికి వద్దాం. నా అనుమానం ఆయిల్ మీద కాదు, కూలెంట్ మీద.

వాటర్‌బాక్సర్ ఇంజిన్‌ని 1982–83 ప్రాంతంలో, గాలితో చల్లబడే ఇంజిన్ స్థానంలో తెచ్చారు. అల్యూమినియం దిమ్మె (ఇంజిన్ బ్లాక్), అందులో పిస్టన్లు కదిలే ఇనుప గొట్టాలు, అంటే లైనర్లు, లైనర్ల చుట్టూ నీళ్ళు. హెడ్డుకూ దిమ్మెకూ మధ్య ఆ నీళ్ళను ఆపేది ఒక రబ్బరు గాస్కెట్. మామూలు ఇంజిన్‌లో హెడ్ గాస్కెట్ కొట్టేసిందంటే నీళ్ళు ఆయిల్‌లో కలుస్తాయి, తెల్లపొగ వస్తుంది. ఇక్కడ ముందుగా జరిగేది వేరు. ఈ రబ్బరు ఆనే చోట హెడ్ అల్యూమినియం గుంటలు గుంటలుగా తినేసి ఉంటుంది, అక్కడ నుంచి కూలెంట్ బయటికి కారుతుంది. ఉత్త నీళ్ళు పోసి నడిపినా, సరికాని కూలెంట్ పోసినా, ఏళ్ళ తరబడి మార్చకపోయినా ఇదే జరుగుతుంది. ఇంజిన్ అడుగున పడుకుని, హెడ్డుకూ దిమ్మెకూ మధ్య ఉన్న సందు వెంబడి టార్చి వేసి చూడండి. తెల్లగా, పచ్చగా ఉప్పు పేరుకున్నట్టు గీత కనిపిస్తే రోగం అదే. కింది భాగం బాగుంటే దీనికి మందు రెండు హెడ్లూ దింపి, పాడైన అంచుల్ని సరిచేయించడం లేదా కొత్త హెడ్లు వేయడం, కొత్త గాస్కెట్లు వేయడం. ఇంజిన్ మార్చడం కాదు. ఒక్క జాగ్రత్త: హెడ్లు బిగించే స్టడ్‌లు నీళ్ళ మధ్య నుంచే వెళ్తాయి కాబట్టి తుప్పు పట్టి విరుగుతాయి. ఈ ఇంజిన్ ముందెప్పుడైనా విప్పినవాళ్ళ చేతిలోనే పెట్టండి.

లోపలికి గ్యాస్ వస్తోందా అన్నది కూడా తేల్చుకోండి. కూలెంట్ డబ్బా మూత దగ్గర పెట్టి చూసే నీలిరంగు ద్రవం ఉంటుంది. ఇంజిన్ గ్యాస్ తగిలితే పసుపురంగుకు మారుతుంది. పది నిమిషాల పని. ఆయిల్ మూత కింద మీగడలాంటి తెల్లటి జిగురు చూసి మాత్రం టెన్షన్ పడకండి. చిన్నచిన్న దూరాలు తిరిగే బండిలో తేమ వల్లే అది పేరుకుంటుంది. ఆయిల్ గేజి కర్రకే పాలలాంటి ఆయిల్ అంటితే అప్పుడు నిజంగా చెడ్డవార్త.

నా మొదటి ఇంజిన్ సంగతి ఇక్కడే చెప్పాలి. అది కూడా టీ3యే. హీట్ ఎక్కి హెడ్లు పోయాయి. మంచి పేరున్న చోట రీకండిషన్ ఇంజిన్ (విప్పి బాగుచేసి అమ్మేది) కొని బిగించారు. దాదాపు మూడు వేల కిలోమీటర్లకు, పొడుగాటి ఎత్తు మీద ముల్లు మళ్ళీ ఎర్రగీత మీదికి వెళ్ళింది. పక్కకు ఆపి, కొంచెం చల్లారాక బండి ముందు భాగం కింద ఉన్న స్టెప్నీ దించి రేడియేటర్ మీద చెయ్యి పెట్టాను. పైభాగం చెయ్యి పెట్టలేనంత వేడి. కింది వైపు ఒక మూల మొత్తం చల్లగా ఉంది, నీళ్ళు అక్కడికి వెళ్ళడమే లేదు. పాత ఇంజిన్‌ని చంపింది ఆ రేడియేటరే. కొత్త ఇంజిన్‌నీ దానికే తగిలించాం. బిగించినవాళ్ళు అడగలేదు, నేనూ అడగలేదు. కొత్త హెడ్లు మళ్ళీ దింపాల్సి వచ్చింది. అప్పటి నుంచి నా పద్ధతి ఒక్కటే, పాతది ఎందుకు పోయిందో కాగితం మీద రాసుకోలేకపోతే కొత్తది తేను.

టీ3లో రేడియేటర్ ముందు, ఇంజిన్ వెనక. బండి పొడవునా పైపులు, మొత్తం కలిపి పదహారు లీటర్లకు పైగా కూలెంట్. ఆ పొడుగు దారిలో ఎక్కడ గాలి చిక్కుకున్నా ఇంజిన్ వేడెక్కుతుంది. ప్లాస్టిక్ పైపులున్న బళ్ళలో క్లిప్పు బిగించిన కొస నలిగి అక్కడ దారి మూసుకుపోతుంది. థర్మోస్టాట్, ఫ్యాన్ తిప్పే స్విచ్, డబ్బా మీది ప్రెషర్ మూత ఒక్కొక్కటీ చూడాలి. మూత ప్రెషర్ ఆపలేకపోతే కూలెంట్ తక్కువ వేడికే మరిగిపోతుంది. గాలి తీయడానికి బండి ముందు భాగాన్ని ఎత్తి నిలబెట్టి, రేడియేటర్ మీది బ్లీడ్ స్క్రూ వదులు చేసి, ఇంజిన్‌ని 2000 దగ్గర రేస్ చేస్తూ కూలెంట్ నింపాలి. చదునుగా నిలబెట్టి నింపితే గాలి ఎక్కడో ఒక చోట మిగిలిపోతుంది. మీ బండి ఎత్తులో వేడెక్కడానికి ఈ గాలి ఒక్కటే కారణమైనా నేను ఆశ్చర్యపోను.

బండి లాగడం లేదన్న ఫిర్యాదు కూడా ఉంటే, అరగంట తిరిగి వచ్చి చక్రాల మీద చెయ్యి పెట్టి చూడండి, ఒకటి మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటే బ్రేకు పట్టేసి ఉంది. యాక్సిలరేటర్ కేబుల్ పూర్తిగా తెరుస్తోందా, పెట్రోలు ఫిల్టర్ మూసుకుపోయిందా, ఇగ్నిషన్ టైమింగ్ సరిగా ఉందా చూడండి. ఈ ఇంజిన్ కొత్తగా ఉన్నప్పుడే 78 హార్స్‌పవర్. మంచం, వంటగట్టు, నీళ్ళ ట్యాంకు, మనుషులు కలిపి రెండు టన్నులు దాటే బండి అది. ఎత్తులో మూడో గేరు వేయాల్సి రావడం దాని తత్వం, జబ్బు కాదు.

సరే, కొలతలన్నీ తీశారు, కింది భాగం కూడా పోయిందని తేలింది అనుకుందాం. అప్పుడు మీరు చెప్పిన మూడు దారులు.

అదే రకం వాడిన ఇంజిన్ తెచ్చి నేరుగా బిగించడం నాకు అన్నిటికన్నా తక్కువ ఇష్టం. మీ ఇంజిన్‌లో పోయిన రబ్బరు గాస్కెట్ వయసు ఎంతో, తెచ్చే ఇంజిన్‌లో రబ్బరు వయసూ అంతే. చవకగా వచ్చినా, బిగించే ముందు హెడ్లు దింపి గాస్కెట్లు మార్చాల్సిందే. అప్పుడు చవకతనం మిగలదు. అయినా కొనాలంటే నడుస్తుండగా చూసిన ఇంజిన్ కొనండి. నేలమీద పడి ఉన్నదైతే స్టార్టర్ తగిలించి కంప్రెషన్ చూడనివ్వమనండి, పుల్లీ లాగి ఆట చూడండి, నీళ్ళ గొట్టం మూతిలోకి టార్చి వేసి గోధుమరంగు మడ్డి ఉందేమో చూడండి. ఈ మాత్రం చూడనివ్వని చోట కొనకండి.

మీ ఇంజిన్‌నే కట్టించడం మంచి దారి, కట్టేవాళ్ళు మంచివాళ్ళయితే. రింగులు మార్చి, గాస్కెట్లు వేసి "కొత్తది" అని ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. క్రాంక్ కొలతలు, బేరింగు గూళ్ళ కొలతలు, లైనర్లూ పిస్టన్లూ కొత్తవా పాతవా, హెడ్లు కొత్తవా వెల్డింగ్ చేసినవా, ఇవన్నీ రాసి ఇవ్వమని ముందే అడగండి. రాసి ఇవ్వడానికి ఇబ్బందిపడితే ఆ చోటు మీకు కాదు. రీకండిషన్ ఇంజిన్ కొనేటప్పుడూ ఇవే ప్రశ్నలు. పాత ఇంజిన్ తిరిగి తీసుకుని కొంత తగ్గిస్తారు కాబట్టి, మీ దిమ్మె పగలకుండా ఉండగానే మార్చడం లాభం.

సుబారు సంగతి. చాలామంది టీ3లో పెట్టేది 2.2 లీటర్ల ఈజే22. అది కూడా పడుకున్న నాలుగు సిలిండర్ల ఇంజినే కాబట్టి ఆ చోటులో ఇముడుతుంది. సుమారు 135 హార్స్‌పవర్, గట్టి ఇంజిన్ అని పేరు. 2.5 లీటర్ల ఈజే25కి బలం ఎక్కువ కానీ దాని తొలి రకాలకు హెడ్ గాస్కెట్ల చెడ్డపేరుంది. ఒక హెడ్ గాస్కెట్ బాధ నుంచి ఇంకో దాంట్లోకి వెళ్ళకండి. సుబారు పెట్టిన టీ3 నడపడం హాయిగా ఉంటుంది, నేను నడిపాను, ఎత్తులో లారీల వెనక ఇరుక్కోవాల్సిన పని ఉండదు. కానీ అది ఇంజిన్ ఒక్కదానితో పోదు. ఆయిల్ చాంబర్ కిందికి వేలాడుతుంది కాబట్టి పొట్టిది చేయించాలి. గేర్‌బాక్సుకు కలిపే ప్లేటు, మౌంట్లు, సైలెన్సర్, కూలెంట్ దారి, కంప్యూటరు, దాని వైరింగు అన్నీ కొత్తవే. రెట్టింపుకు దగ్గరగా ఉన్న బలం పాత గేర్‌బాక్సు మీద పడుతుంది, పాత బ్రేకులు ఆ వేగాన్ని ఆపాలి. ఫోక్స్‌వ్యాగన్ వాళ్ళదే టర్బో డీజిల్ ఇంజిన్ 1.9 టీడీఐ పెట్టేవాళ్ళూ ఉన్నారు. అది తక్కువ తాగుతుంది, లాగుడు బాగుంటుంది. టీ3 డీజిల్ బళ్ళలో ఇంజిన్ 50 డిగ్రీలు పక్కకు వాలి ఉంటుంది. అలా వాల్చకుండా పెడితే వెనక మంచం కింది మూత పట్టదు. క్యాంపర్‌లో అది చిన్న విషయం కాదు.

ఇంకో ఇంజిన్‌కి మారేటప్పుడు నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది కాగితాలు లేకపోవడం. నేను ఒకసారి కొన్న బండికి ఎవరో సుబారు ఇంజిన్ పెట్టారు. ఒక్క వైరింగు బొమ్మ కూడా లేదు. ప్రయాణం మధ్యలో ఆగిపోతే, ఒక వైరు రేకు అంచుకు రాసుకుని తెగిన చోటు కనుక్కోవడానికి మూడు రోజులు పట్టింది, ఎందుకంటే ఏ వైరు దేనికో చెప్పగలిగినవాళ్ళు లేరు. మీరు మారితే ప్రతి వైరు రంగు, ప్రతి హోస్ పైపు, ప్రతి బేరింగు, ప్రతి బెల్టు నంబరు ఒక పుస్తకంలో రాయించుకుని బండిలోనే పెట్టుకోండి. ఇంజిన్ నంబరు, రకం మారితే రిజిస్ట్రేషన్, బీమా, పొగ పరీక్ష నియమాలు ఏం చెప్తున్నాయో పని మొదలుపెట్టే ముందే కనుక్కోండి. అయిపోయాక కనుక్కుంటే బండి రోడ్డెక్కలేని పరిస్థితి రావచ్చు.

ఏ దారి పట్టినా ఖర్చు లెక్క ఇంజిన్ దగ్గర ఆగదు. నా అనుభవంలో ఇంజిన్‌కి ఎంత పెడితే, దాని చుట్టూ ఉన్నవాటికి దాదాపు మళ్ళీ అంతే పోయింది. ఇంజిన్ దించినప్పుడు క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, క్రాంక్ సీలు, గేర్‌బాక్స్ సీలు, మౌంట్లు, వాటర్ పంపు, థర్మోస్టాట్, కూలెంట్ హోస్‌లు అన్నీ అప్పుడే మార్చాలి. ఆ తర్వాత ఒక్కదానికోసం మళ్ళీ దించడం కన్నా నష్టం లేదు. అన్నిటికన్నా ముందు పెట్రోలు హోస్‌లు మార్చండి. ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరును తినేస్తుంది. వేడి ఇంజిన్ మీద పగిలిన హోస్ కారితే బండి కాలిపోతుంది, దాని మీదే మీ పిల్లలు పడుకునే మంచం ఉంది. ఇంజిన్ మార్చకపోయినా సరే, ఈ వారంలోనే ఈ పని చేయించండి.

మీ బండి గురించి నా అంచనా ఇది. మీకు ఉన్నవి రెండు వేరువేరు సమస్యలు. కూలెంట్ హెడ్ రబ్బరు దగ్గర కారుతోంది, దాంతో గాలి చేరి ఎత్తులో వేడెక్కుతోంది. ఆయిల్ కొంత పుష్‌రాడ్ గొట్టాల దగ్గర కారుతోంది, కొంత ఇంజిన్ తాగుతోంది. నా అంచనా నిజమైతే రెండు హెడ్ల పని, గొట్టాల సీళ్ళు, కొత్త రేడియేటర్‌తో మీ ఇంజిన్ ఏడాదికి ఐదు వేల కిలోమీటర్ల చొప్పున ఇంకా చాలాకాలం వస్తుంది. కింది భాగం పోయిందని తేలితే, మీ వాడకానికి అదే ఇంజిన్‌ని బాగా కట్టించుకోమంటాను. సుబారు అన్నది ఏటా పాతికవేలు తిరుగుతూ ఎప్పుడూ కొండల్లోనే ఉండేవాళ్ళకు, గేర్‌బాక్సుకూ బ్రేకులకూ విడిగా డబ్బు పక్కన పెట్టుకోగలిగినవాళ్ళకు.

అప్పటిదాకా బండిని ఎత్తులు ఎక్కించకండి, ముల్లు సగం దాటితే ఆపేయండి. ఒక్కసారి గట్టిగా వేడెక్కితే ఇప్పుడు బాగున్న కింది భాగం కూడా పోతుంది. ముందు అట్టముక్క, టార్చి, తర్వాత కంప్రెషన్, లీక్‌డౌన్, ఆయిల్ ప్రెషర్. నాలుగు సిలిండర్ల అంకెలు వరుసగా రాసి, గాలి ఎక్కడ బుసకొట్టిందో, హెడ్డు సందులో ఉప్పుగీత కనిపించిందో లేదో కూడా చెప్పండి. అవి చూస్తే హెడ్లు దింపాలా, ఇంజినే దించాలా అన్నది కచ్చితంగా చెప్పగలను.